బెజవాడలో ముప్పై ఆదివారాలు: ఐరోపా కళ, సాహిత్య, భాషా చరిత్ర తరగతులు

విజయవాడ మొగల్రాజపురంలో ఒక మేడ మీద, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా నడిచే ఐరోపా కళ, సాహిత్య, భాషా చరిత్ర తరగతులకు ముప్పై వారాలు వెళ్లి, గత నెలలో పూర్తి చేశాను. వీధిలోంచి చూస్తే బోర్డు ఏదీ కనిపించదు, మెట్ల దగ్గర విడిచిన చెప్పులను చూసి ఇదే ఇల్లని తెలుసుకోవాలి. పాఠం చెప్పేవారు ఇద్దరు. ఒకరు కాలేజీలో ఇంగ్లిషు చెప్పి పదవీ విరమణ చేసిన మేడమ్‌గారు, మరొకరు స్కూళ్లలో చిత్రలేఖనం నేర్పిన మాస్టారు. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ప్రతి ఆదివారం ఏడున్నరకు బస్సెక్కి, మంగళగిరి దాటి, వారధి మీదుగా కృష్ణను చూసుకుంటూ ఆ తరగతికి చేరేదాన్ని. ఇటువంటి చదువు మన ఊళ్లలో దొరకడమే అరుదు కాబట్టి, చేరదలచినవారికి ఉపయోగపడేలా ఇందులోని బాగునూ లోటునూ వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఐరోపా కళాచరిత్ర అంటూ ఆన్‌లైన్లో ఒక కోర్సుకు దీనికి రెట్టింపు రుసుము కట్టాను. చిత్రకారుల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఒక్కో ఉద్యమానికి ఐదు లక్షణాలు వల్లె వేయించి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ పంపారు. నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు. ఈ తరగతుల పద్ధతి దానికి పూర్తిగా భిన్నం. ఇక్కడ బొమ్మకు ఒక గంట, కవిత్వానికి ఒక గంట, వ్యాకరణానికి ఒక గంట అనే విభజన లేదు. కాలాన్ని పట్టుకుని నడుస్తారు. ఒక కాలానికి వచ్చాక అప్పుడు జనం ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ భాషలో రాస్తున్నారు, గోడ మీద ఏం గీస్తున్నారు, ఆ గీయించిన డబ్బు ఎవరిది అని ఒకే కూర్చోవడంలో అడుగుతారు. అదే కాలంలో మన కృష్ణాతీరంలో ఏం జరుగుతోందన్న ప్రశ్న కూడా ప్రతివారం తప్పకుండా వస్తుంది. ఈ చివరి ప్రశ్న కోసమే నేను ఈ తరగతులను మెచ్చుకుంటున్నాను.

ఆ ప్రశ్న ఎంత పని చేయగలదో నాకు ఐదో ఆదివారం తెలిసింది. ఆ రోజు పాఠం స్ట్రాస్‌బుర్గ్ ప్రమాణాలు. 842 ఫిబ్రవరి 14న, షార్లమేన్ చక్రవర్తి మనవళ్లయిన లూయీ, చార్లెస్ అనే అన్నదమ్ములు, తమ పెద్దన్న లోథార్‌కు వ్యతిరేకంగా ఒకరికొకరు అండగా ఉంటామని సేనల ఎదుట ఒట్టు పెట్టుకున్నారు. లూయీ సైనికులు జర్మన్ మాట్లాడేవారు. చార్లెస్ సైనికులది, లాటిన్ అరిగి అరిగి మారిన రోమాన్స్ భాష. అవతలివాళ్లకు అర్థం కావాలని జర్మన్ రాజు లూయీ రోమాన్స్‌లోనూ, చార్లెస్ జర్మన్‌లోనూ ప్రమాణం చేశారు. ఈ సంగతిని గ్రంథస్థం చేసిన నీతార్డ్ వాళ్లకు స్వయానా మేనత్త కొడుకు. చరిత్ర అంతా లాటిన్‌లో రాస్తూ వచ్చినవాడు, ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాజుల నోటి మాటలను ఆయా భాషల్లోనే రాసిపెట్టాడు. ఫ్రెంచి భాషకు దొరికిన తొలి పాఠం అదే. మేడమ్‌గారు దాన్ని బోర్డు మీద తెలుగు లిపిలో రాశారు: 'ప్రో దేఓ ఆముర్ ఎత్ ప్రో క్రిస్తియాన్ పొబ్లో'. దేవుని ప్రేమ కోసం, క్రైస్తవ ప్రజల కోసం అని అర్థం. లాటిన్ 'పోపులుమ్' ఆ సైనికుల నోట 'పొబ్లో' అయింది, తరవాత ఫ్రెంచిలో 'ప్యూప్ల్' అయింది, అక్కడి నుంచి ఇంగ్లిషుకు వెళ్లి 'పీపుల్' అయింది. ఒక మాట వెయ్యేళ్లలో నడిచిన దారి నా కళ్ల ముందు బోర్డు మీద ఒక్క వరుసలో ఉంది.

అప్పుడు మేడమ్‌గారు నా వైపు తిరిగి, "టీచరుగారూ, ఆ రోజుల్లో మన దగ్గర తెలుగులో ఏముంది?" అని అడిగారు. నాకు వెంటనే అద్దంకి శాసనం గుర్తుకు వచ్చింది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన ఆ శాసనం కాలం 848. స్ట్రాస్‌బుర్గ్ ప్రమాణాలకు సరిగ్గా ఆరేళ్ల తరవాత! ఏటా పిల్లల చేత 'తరువోజ పద్యం, 848' అని రాయించి మార్కులు వేశానే గాని, ఆ సంవత్సరం పక్కన ప్రపంచంలో మరొకటి ఉంటుందని ఎన్నడూ తలచలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి శాసనం చివరి మాటలు 'కందుకూర్బెజవాడ గావించె మెచ్చి' అని రాసి, పండరంగడు కందుకూరును బెజవాడ అంతటి ఊరుగా చేశాడని దాని తాత్పర్యమని చెప్పాను. మేము కూర్చున్న ఊరి పేరు ఆ రాతి మీద ఉంది. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరవాత సరైన చర్చ మొదలైంది. అక్కడ దేశభాష ఒట్టు కోసం, సైనికులకు అర్థం కావడం కోసం రాతలోకి వచ్చింది. ఇక్కడ దేశభాష అప్పటికే ఛందస్సు తొడుక్కుని, విజయాన్ని చాటే పద్యంగా రాతికెక్కింది. అంటే ఆ పద్యానికి వెనక రాతకెక్కని పాటలు ఎన్నో తరాలుగా ఉండి ఉండాలి కదా అన్నది నా వాదన. ఇంద్రకీలాద్రి దగ్గరి 10వ శతాబ్దపు యుద్ధమల్లుని శాసనంలోని మధ్యాక్కర పద్యాలను కూడా దానికి తోడు తెచ్చాను. మాస్టారు ఒప్పుకున్నారు, మేడమ్‌గారు సగమే ఒప్పుకున్నారు.

భాష పాఠాల్లో నాకు అన్నిటికంటె దగ్గరగా తగిలింది లాటిన్ నుంచి ఇటాలియన్ ఎలా పుట్టిందన్న పాఠం. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని మనం గర్వంగా చెప్పుకుంటాం, ఎందుకంటారో ఆరా తీయం. రెండూ అజంత భాషలు, మాట చివర అచ్చు వినిపిస్తుంది, అంతవరకూ అందరికీ తెలుసు. మేడమ్‌గారు బోర్డు మీద రెండు నిలువు వరుసలు గీశారు. ఎడమవైపు లాటిన్ మాటలు, కుడివైపు వాటి ఇటాలియన్ రూపాలు. ఏడుకు లాటిన్‌లో 'సెప్తెమ్', ఇటాలియన్‌లో 'సెత్తె'. ఎనిమిదికి 'ఓక్తో', 'ఒత్తో'. రాత్రికి 'నోక్తెమ్', 'నొత్తె'. పాలకు 'లాక్తెమ్', 'లాత్తె'. నాలుగో వరుస రాసేసరికి నేను ఆగలేక లేచాను. ఇది మన తద్భవాల పాఠమే! సంస్కృతంలో 'సప్త' ప్రాకృతంలో 'సత్త' అయింది. భక్తి 'బత్తి' అయింది, శక్తి 'సత్తి' అయింది. సంయుక్తాక్షరంలో మొదటి హల్లు రెండో హల్లులో కలిసిపోయి ద్విత్వం కావడం, రోమ్ దగ్గరా మన దగ్గరా అచ్చం ఒకే తీరుగా జరిగింది.

దీన్ని చూసి తెలుగుకూ ఇటాలియన్‌కూ చుట్టరికం ఉందని ఎవరైనా అనేస్తారేమోనని మేడమ్‌గారు వెంటనే కట్టడి చేశారు. లాటిన్, సంస్కృతం ఒక కుటుంబానివి. తెలుగు వేరే కుటుంబానిదని మద్రాసులో పనిచేసిన ఇంగ్లిషు అధికారి ఎల్లిస్ 1816లోనే నిరూపించాడు. మనకు బత్తి, సత్తి ప్రాకృతం మీదుగా వచ్చి చేరినవి. పోలిక నోటి తీరులోనిది, రక్తసంబంధం కాదు. ఇంత జాగ్రత్తగా పాఠం చెప్పేవారు నాకు చదువుకునే రోజుల్లో దొరికి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. మర్నాడు తొమ్మిదో తరగతిలో తద్భవాలు చెప్పేటప్పుడు బోర్డు మీద 'సప్త, సత్త' కింద 'సెప్తెమ్, సెత్తె' కూడా రాశాను. తద్భవాల పాఠంలో వెనక బెంచీవాళ్లు ప్రశ్న అడగడం ఆ రోజే చూశాను.

ఇక బొమ్మలు. ప్రొజెక్టరులో బొమ్మ చూడడంలో ఒక పెద్ద మోసం ఉంది. అరచేయంత బొమ్మయినా, గోడంత బొమ్మయినా తెర మీద ఒకే కొలతలో కనిపిస్తాయి. మాస్టారు దీనికి ఒక ఉపాయం చేశారు. ప్రతి చిత్రానికీ అసలు కొలతకు సరిగ్గా ఖాకీ కాగితం కత్తిరించి, తెర పక్కన గోడకు అంటిస్తారు. రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' వచ్చిన రోజున కాగితాలు ఒకదానికొకటి అతికించి, మూడున్నర మీటర్లు పైబడిన ఎత్తు గోడకు చాలక, పైభాగాన్ని పైకప్పు మీదికి మడిచి అతికించారు. అంతకు ముందు యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రానికి అంటించిన కాగితం 82 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు. మన ఇళ్లలో దేవుడి పటానికి కట్టించే పెద్ద ఫ్రేమంత. అంత చిన్న పలకలో ఒక గది మొత్తం ఉందని అప్పుడు తెలిసింది.

ఆ ఒక్క చిత్రం మీద గంటన్నర కూర్చున్నాం. మొదటి ఇరవై నిమిషాలు మాస్టారు ఏమీ చెప్పరు, కనిపించినవి కాగితం మీద రాసుకోమంటారు. నేను రాసుకున్నవి: పట్టపగలు దీపపు గుత్తిలో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలగడం, కిటికీ దగ్గర నారింజ పళ్లు, విడిచిన చెక్క పాదరక్షలు, కాళ్ల దగ్గర చిన్న కుక్క, వెనక గోడకు గుండ్రటి అద్దం. ఆమె గర్భిణి అని రాశాను. మాస్టారు అది చదివి, "అమ్మా, ఆమె చేతిని చూడండి, బరువైన అంగీని కుచ్చిళ్లుగా ఎత్తి పట్టుకుంది, అప్పటి ధోరణి అది" అన్నారు. మళ్లీ చూస్తే నిజంగానే చెయ్యి గుడ్డను పట్టుకుని ఉంది. ఆ తరవాత అద్దాన్ని పెద్దది చేసి చూపించారు. అద్దం చట్రం చుట్టూ గోరంత గోరంత పది వృత్తాల్లో క్రీస్తు కడపటి రోజుల ఘట్టాలున్నాయి. అద్దంలో ఆ దంపతుల వీపులు, వాళ్లకు ఎదురుగా గుమ్మంలో నిలబడిన మరో ఇద్దరు మనుషులు. అద్దం పైన గోడ మీద అందమైన రాతలో ఒక లాటిన్ వాక్యం: 'యోహన్నెస్ దె ఎయిక్ ఫుయిత్ హిక్, 1434'. వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు అని. 'వేశాడు' అనలేదు, 'ఉన్నాడు' అన్నాడు. సాక్షి సంతకం చేసినట్టు. బొమ్మ మధ్యలో వ్యాకరణం ఇలా ఎదురైనప్పుడు, కళనూ భాషనూ ఒకరే చెప్పాలో, ఇద్దరు పక్కపక్కన నిలబడి చెప్పాలో గాని, వేరువేరు గదుల్లో మాత్రం చెప్పకూడదని నాకు స్పష్టమైంది.

ఇటలీ కవి దాంతే పాఠం మూడు వారాలు సాగింది. 1302లో ఫ్లోరెన్సు నుంచి బహిష్కరణ పొంది, 1321లో రవెన్నాలో కన్నుమూసిన ఆ కవి, తన మహాకావ్యాన్ని లాటిన్‌లో గాక తన ఊరి భాషలో రాశాడన్నది పాఠంలో కీలకం. జనభాష గొప్పదని వాదించడానికి రాసిన గ్రంథాన్ని మాత్రం పండితులు చదవాలని లాటిన్‌లోనే రాశాడట. నాకు జనానికి అర్థమయ్యేలా రాసిన పాల్కురికి సోమన జాను తెనుగు, ద్విపద గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? ఇద్దరి మధ్య దూరం కొన్ని దశాబ్దాలే. దాంతే తన గ్రంథంలో దక్షిణ ఐరోపా భాషలను 'అవును' అనే మాటను బట్టి విడదీశాడు. 'ఓక్' అనేవాళ్లు ఒకరు, 'ఓయిల్' అనేవాళ్లు మరొకరు, 'సీ' అనేవాళ్లు ఇటలీవాళ్లు. ఓయిల్ భాష ఫ్రెంచి అయింది. ఓక్ భాష, ప్రేమకవిత్వానికి ఒకప్పుడు ఐరోపా అంతటా పేరు పడ్డ భాష, పల్లెల్లో మిగిలిపోయింది.

ఈ చివరి సంగతి చెప్పడానికి మేడమ్‌గారు మమ్మల్ని గుణదల కొండకు తీసుకువెళ్లారు. ఏటా ఫిబ్రవరిలో లక్షల జనం ఎక్కే ఆ కొండ మీది గుహ, ఫ్రాన్సులోని లూర్దు గుహకు ప్రతిరూపం. 1858లో లూర్దులో మేరీమాత దర్శనమిచ్చిందని చెప్పిన బెర్నడెట్ ఒక పిండిమరవాడి కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల. ఆమె ఇంటి భాష ఫ్రెంచి కాదు, గాస్కన్ అనే ఓక్ భాషా రూపం. మాత తనతో ఆ భాషలోనే మాట్లాడిందని చెప్పింది. 'నేను నిష్కళంక గర్భమును' అన్న అర్థం వచ్చే ఆ మాటలు ఈనాటికీ లూర్దు గుహలో విగ్రహం కింద ఆ పల్లె భాషలోనే ఉన్నాయి. దాంతే చెప్పిన ఓక్ భాష ఇలా ఒక పేదపిల్ల నోటి నుంచి బతికి బయటపడింది. చిన్నప్పటి నుంచి మా వీధివాళ్లతో కలిసి గుణదల తిరునాళ్లకు వెళుతూనే ఉన్నాను. ఆ గుహ వెనక ఒక భాష కథ ఉందని యాభై ఏళ్లకు తెలిసింది.

జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ పాఠానికి మా గుంటూరువాళ్లం నలుగురం బాగా సిద్ధమై వెళ్లాం. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు, అక్కడి నుంచి మా ఊళ్లో బడులూ, ఆస్పత్రులూ, ఆంధ్ర క్రైస్తవ కళాశాలా వచ్చాయి కాబట్టి లూథర్ పేరు మాకు కొత్త కాదు. కొత్తగా తెలిసింది అనువాదకుడైన లూథర్. 1522లో కొత్త నిబంధననూ, 1534లో మొత్తం బైబిలునూ జర్మన్‌లోకి తెచ్చిన ఆయన, 1530లో రాసిన లేఖలో తన పద్ధతిని చెప్పుకున్నాడు. జర్మన్ ఎలా మాట్లాడాలో లాటిన్ అక్షరాలను అడగకూడదట. ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, సంతలో సామాన్యుణ్ణి అడగాలట, వాళ్ల నోటివైపు చూసి ఆ ప్రకారం అనువదించాలట. గిడుగు రామమూర్తిగారు నాలుగు వందల ఏళ్ల తరవాత పర్లాకిమిడిలో పడ్డ శ్రమ కూడా ఇదే కదా. ఈ పాఠానికి కేటాయించిన కాలం మాత్రం ఒక్క ఆదివారమే, చాలలేదు.

ఇంగ్లిషు చరిత్రను క్లుప్తంగానే చెప్పారు, అది సబబే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టు మాటలన్నీ ఫ్రెంచివైపు నుంచి వచ్చాయి, 'జడ్జి', 'జ్యూరీ', 'అటార్నీ', చివరికి 'కోర్టు' కూడా. అది వినగానే, గుంటూరు కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న పెద్దాయన, "మా దగ్గరా అంతేనండీ, దావా, జామీను, జప్తు, వకాల్తా, ఏదీ తెలుగు కాదు, నా గుమాస్తా ఉద్యోగమే పారసీ మాట" అన్నారు. ఏలినవాళ్ల భాష ముందుగా కోర్టుగుమ్మంలోకి వస్తుందన్న సూత్రాన్ని ఆ రోజు ఆయనే మాకు బోధపరిచారు.

ఈ కోర్సులో 'ఒకే ఏడు' అనే పాఠాలు రెండు ఉన్నాయి. ఒక సంవత్సరాన్ని తీసుకుని, దాన్ని నాలుగు వైపుల నుంచి చూస్తారు. 1611 అందులో మొదటిది. ఇంగ్లండులో రాజు జేమ్స్ పేరిట బైబిలు అనువాదం వెలువడిన సంవత్సరం, షేక్‌స్పియర్ నాటకం 'టెంపెస్ట్' రాజు ఎదుట ఆడిన సంవత్సరం, ఆంట్వెర్పులో రూబెన్స్ సిలువను పైకెత్తే ఘట్టపు చిత్రాన్ని పూర్తి చేసిన సంవత్సరం. అదే సంవత్సరం ఇంగ్లిషు కంపెనీ నౌక మచిలీపట్నం చేరింది. ఆ నౌక పేరు గ్లోబ్, లండనులో షేక్‌స్పియర్ బృందపు నాటకశాల పేరూ గ్లోబే.

రెండోది 1759, ఇది నాకు ఇంకా నచ్చింది. ఆ జనవరి 15న లండనులో బ్రిటిష్ మ్యూజియం జనానికి తలుపులు తెరిచింది. తరవాతి శతాబ్దంలో మన అమరావతి శిల్పాలు చేరిన చోటు అదే. ఏప్రిల్‌లో బందరు కోటను ఇంగ్లిషు సేనలు ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాయి. అదే సంవత్సరం ఫ్రెంచి రచయిత వోల్టేర్ 'కాందీద్' వెలువడింది. లోకమంతా సవ్యంగానే ఉందని బోధించే గురువును నమ్మిన కుర్రవాడు, 1755 నాటి లిస్బన్ భూకంపంతో సహా కష్టాలన్నీ చూసే కథ అది. ఫ్రాన్సులో అద్దకపు నూలుబట్టల మీద 1686లో పెట్టిన నిషేధాన్ని ఎత్తివేసిందీ ఆ సంవత్సరమే. మన తీరం నుంచి వెళ్లిన అద్దకాలు అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని పెట్టిన ఆంక్ష అది, 73 ఏళ్లు సాగింది. నిషేధం పోయిన మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనేవాడు పారిస్ దగ్గరి జూయీలో అద్దకం కార్ఖానా పెట్టాడు. మాతో చదివిన కుర్రవాడొకడిది పెడనలో కలంకారీ అచ్చులు వేసే కుటుంబం. జూయీ బట్ట బొమ్మ తెర మీద పడగానే లేచి దగ్గరికి వెళ్లి, తీగ ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ అతుక్కుంటుందో వేలితో చూపించి, "ఇక్కడ అచ్చు మారిందండీ" అన్నాడు. పుస్తకాల్లో దొరకని చూపు అది.

ఆ పాఠం తరవాత బందరు వెళ్లాం. డచ్చివారి సమాధుల తోటలో వంశచిహ్నాలు చెక్కిన రాళ్ల ముందు నిలబడి రోమన్ అక్షరాలను కూడబలుక్కుని చదివాం. పాత తెలుగులో పోర్చుగీసులను బుడతకీచులనీ, డచ్చివారిని వలందులనీ, ఫ్రెంచివారిని పరాసులనీ అనేవారని నేను చెబితే, మాస్టారు ఆ మూడు మాటలనూ నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఐరోపా మన గురించి రాసుకున్నట్టే మనమూ ఐరోపాకు పేర్లు పెట్టుకున్నామని ఆయన తరవాతి వారం పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టారు. విద్యార్థి చెప్పినదాన్ని పాఠంలో కలుపుకునే గురువులు కావడం ఈ తరగతుల అసలు బలం.

లోట్లు ఉన్నాయి, అవి చిన్నవి కావు. మొదటిది ప్రొజెక్టరు. దాని దీపం పాతబడిపోయింది, కిటికీలకు పలచని కర్టెన్లు. పదకొండు గంటల ఎండలో చిత్రకారుడు తిత్సియాన్ ఎరుపు ఇటుకరంగులో కనిపించింది, వెర్మేర్ బొమ్మలోని నీలం బూడిదగా మారింది. రంగు గురించి గంట సేపు మాట్లాడి ఆ రంగును చూపించలేకపోవడం బాధాకరం. కొలతకు కాగితం కత్తిరించే శ్రద్ధ ఉన్న మాస్టారుకు ముదురు కర్టెన్లు కట్టించడం పెద్ద పని కాదు.

రెండోది 20వ శతాబ్దం. 1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టు చిత్రకారులు పెట్టిన తొలి ప్రదర్శన దాకా తీరికగా నడిచిన కోర్సు, అక్కడి నుంచి రెండే ఆదివారాల్లో ముగిసింది. పికాసో 1937 నాటి 'గేర్నికా'కు ఇరవై నిమిషాలు. అధివాస్తవికతకు (సర్రియలిజానికి) పది. శ్రీశ్రీనీ, శ్రీరంగం నారాయణబాబునీ చదివిన తెలుగు పాఠకులకు ఐరోపాతో అతి దగ్గరి సంబంధం ఉన్న కాలమే అది. భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం చదివి పెరిగినవాళ్లు అక్కడే ఎక్కువ ప్రశ్నలతో వస్తారు. ఆ ప్రశ్నలకు చోటు లేకుండా పోయింది. రష్యన్ సాహిత్యం అసలు లేదు. పాత తరం తెలుగువాళ్లు టాల్‌స్టాయినీ, గోర్కీనీ తెలుగులో చదివిన బెజవాడలో, ఇది నాకు పెద్ద లోపంగా తోచింది. మేడమ్‌గారికి ఈ మాట చెప్పాను. రష్యన్ తమకు రాదనీ, రాని భాషను అనువాదం మీద ఆధారపడి చెప్పడం ఇష్టం లేదనీ అన్నారు. ఆ నిజాయితీని గౌరవిస్తాను, కానీ తెలిసినవారిని ఒక నెల రప్పించుకోవచ్చు.

మూడోది, పంచే జిరాక్సు కాగితాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. పాఠం తెలుగులో ఎంత చక్కగా సాగినా, ఇంటికి వెళ్లి చదువుకోవడానికి తెలుగులో ఒక్క పేజీ లేదు. తెలుగు మీడియంలో చదివిన ఇద్దరు ఆడపిల్లలు ఎనిమిదో వారం నుంచి రావడం మానేశారు. కారణం వాళ్లు చెప్పలేదు గాని, నాకు తెలుసు. పారిభాషిక పదాలకు తెలుగులో ఒక పట్టిక తయారుచేసి ఇస్తానని నేనే మాట ఇచ్చాను. ఇప్పటికి మూడు వందల మాటలు దాకా వచ్చాయి. 'పెర్‌స్పెక్టివ్'కు ఏ మాట పెట్టాలో ఇంకా తేలలేదు, 'దూరదృశ్యం' అని కొంతకాలంగా వాడి చూస్తున్నాను.

ఎవరు చేరవచ్చో కూడా చెప్పాలి. ఫ్రెంచి, జర్మన్ మాట్లాడడం నేర్చుకోవాలనుకునేవారికి ఇది తగదు. జర్మనీలో నర్సు ఉద్యోగానికి పరీక్ష రాయాల్సిన అమ్మాయిలు నలుగురు చేరి, మూడో వారం వెళ్లిపోయారు. వాళ్లది తప్పు కాదు, చేర్చుకునేటప్పుడే వాళ్లకు స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. పరీక్షలకు కళాచరిత్ర చదివేవారికి సంవత్సరాల పట్టికలు కావాలి, అవి ఇక్కడ దొరకవు. తెలుగు, ఇంగ్లిషు చెప్పే ఉపాధ్యాయులు, బొమ్మలు వేసేవారు, అనువాదం చేసేవారు, ఊరికే చదువు మీద ప్రేమ ఉన్న పెద్దలు నిశ్చింతగా చేరవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం ఆలోచించుకోవాలి, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి.

రుసుము ముప్పై వారాలకు ఏడున్నర వేలు, రెండు విడతలుగా కట్టవచ్చు. బందరు ప్రయాణం ఖర్చు వేరు. సీట్లు పాతిక. కొత్త బ్యాచి జూన్ రెండో ఆదివారం మొదలవుతుందని చెప్పారు. తెరకు దగ్గరగా, కిటికీకి ఎదురుగా గాక ఎడమవైపు గోడ పక్కన కూర్చుంటే రంగులు కొంత నయంగా కనిపిస్తాయి. గుంటూరు నుంచి వచ్చేవారు ఏడున్నర బస్సు తప్పిపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే మాస్టారు మొదటి ఇరవై నిమిషాలు బొమ్మను మౌనంగా చూడమంటారు, ఆలస్యంగా వస్తే ఆ చూపు పోతుంది.